ఒకటి తక్కువ

మేడ గది
జూన్ 9

గుండుసూదికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన గడియారాల నవల మంగళవారం పూర్తయింది. 342 పేజీలు, ఆరు రోజులు.

మూడు తరాలుగా గడియారాలు బాగుచేసుకు బతికే కుటుంబం కథ. మొదటి వంద పేజీలు శ్రద్ధగా రాశాడు. స్ప్రింగు విప్పేటప్పుడు తాత ఊపిరి బిగబట్టడం, ఆయన్ని చూసి పక్కనున్న మనవడు కూడా బిగబట్టడం నాకు నచ్చాయి. ఆ తర్వాత రచయిత తన పుస్తకం తాను చదువుకోవడం మానేశాడు. పదమూడో అధ్యాయంలో పెదనాన్న పోతాడు. అందరూ ఏడుస్తారు. పదహారో అధ్యాయంలో అదే పెదనాన్న మెట్లు దిగి వచ్చి కళ్ళజోడు ఎక్కడ పెట్టానని అడుగుతాడు. ఇరవయ్యో అధ్యాయంలో మళ్ళీ పోతాడు. ఈసారి ఎవరూ ఏడవరు.

కింద షాపు టైలరు ఎప్పటిలాగే మెట్ల దగ్గర ఆపాడు.

"ఏం టీచరమ్మా, ఈ పుస్తకంలో ఎంతమంది పోయారు?"

"ఇద్దరు. అందులో ఒకడు రెండుసార్లు."

"అయితే మూడని రాసుకోండి. మీరు లెక్క తప్పరు కదా."

నా పద్ధతి ప్రకారం చివరి అధ్యాయం ముందు ఆగి, ముగింపు ఏమవుతుందో రిజిస్టరులో అంచనా రాసి, మర్నాడు మిగతాది చదివాను. షాపు అమ్మేస్తారని రాశాను. అమ్మేశారు. ఫలితం గడిలో 'సరి' అని వేశాను. దీంతో మొత్తం 611 పద్దులు. సరి 402, తప్పు 208.

నీ గత రెండు ఉత్తరాల్లో అక్షరాలు కుడివైపు వాలిపోతున్నాయి. ముప్పై ఏళ్ళ పైన పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని. వాలిన అక్షరం బద్ధకానికో అబద్ధానికో గుర్తు. నీది ఏదో రాయి.

అమ్మమ్మ


గ్రంథాలయం, బైండింగు గది
జూన్ 20

అమ్మమ్మా,

402కి 208 కలిపితే 610. నువ్వు రాసింది 611. నాకు పదేళ్ళప్పుడు కూడా ఇలాగే నీ రిజిస్టరు మొత్తం కూడి, ఒకటి తక్కువొస్తోందని పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. నువ్వు రిజిస్టరు ఠపీమని మూసి, "ముందు కూడిక నేర్చుకో" అన్నావు. నేర్చుకున్నాను. ఇప్పటికీ ఒకటి తక్కువే.

ఈసారి రెండు పుస్తకాలు పంపుతున్నాను. ఒకటి రైలు గార్డు ఆత్మకథ, ఇంకొకటి ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని అక్కచెల్లెళ్ళ నవల. రెండిటికీ వెన్ను ఊడితే నేనే కుట్టాను. గార్డు పుస్తకంలో కుట్లు వంకరగా ఉంటాయి, తిట్టకు.

నా అక్షరం వాలడం బద్ధకం కాదు, అబద్ధమూ కాదు. మూడు నెలలుగా కుడిచేతి వేళ్ళు మాట వినడం లేదు. సూది పట్టుకుంటే ఎప్పుడు జారిందో తెలియడం లేదు. మా బైండింగు మేస్త్రి గారు మొదట్లో, "ఏమ్మా, సూదులు నాటుతున్నావా, మొలుస్తాయా?" అని నవ్వేవారు. ఈమధ్య నవ్వడం మానేసి, ఆయనే వంగి ఏరి ఇస్తున్నారు. ఆయన నవ్వడం మానేశాకే నాకు భయం వేసింది.

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అమ్మ లేదని చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్నే నీకు సంబంధించింది. "మీ అమ్మగారు ఎలా పోయారు? ఎన్నాళ్ళు జబ్బుపడ్డారు? చేతులు పట్టు తప్పాయా?" కొన్ని జబ్బులు తల్లి నుంచి వస్తాయట. అదే అయితే వైద్యం వేరట, ఆలస్యం చెయ్యకూడదట. నాకు నాలుగేళ్ళప్పటి సంగతి. నాకేం తెలుసు? నీకే తెలియాలి. గుర్తున్నది గుర్తున్నట్టు రాయి అమ్మమ్మా.

ఫోను చేద్దామంటే నువ్వు ఎత్తవు.

నీ గుండుసూది


మేడ గది
జూలై 6

గుండుసూదికి,

ఫోనులో మాట నిలవదు. అందుకే ఎత్తను.

రైలు గార్డు ఆత్మకథ 231 పేజీలు, ఐదు రోజులు. భాష సాదా. చదువుకున్నవాణ్ణని చూపించుకునే తాపత్రయం లేదు. ముప్పై నాలుగేళ్ళు చివరి పెట్టెలో కూర్చున్న మనిషి. ఇంజను డ్రైవరుకి ప్రపంచం ఎదురొస్తుంది, గార్డుకి మాత్రం చూసినదల్లా వెనక్కి పోతుంది. ఆ సంగతి ఎక్కడా చెప్పకుండానే మనకి తెలిసేలా రాశాడు. 140వ పేజీలో ఒక ప్రమాదం ఉంది. తాను పచ్చజెండా ఊపాననీ, ఆ తర్వాత పదకొండు మంది పోయారనీ నాలుగు లైన్లు రాసి, కొత్త పేరాలో బదిలీ గురించి మొదలుపెట్టాడు. మిగతా పుస్తకమంతా ఆ నాలుగు లైన్లు ఐదో లైనుకి పోకుండా కాపలా కాయడానికే రాశాడని నాకు అనిపించింది. చివర్లోనైనా విప్పి చెప్తాడని అంచనా వేశాను. చెప్పలేదు. రిటైరయిన రోజు జెండాలు లెక్కపెట్టి అప్పగించి ఇంటికి వెళ్ళాడు. తప్పు.

అక్కచెల్లెళ్ళ నవల 198 పేజీలు. ఒకే వంటగది, పంతొమ్మిదేళ్ళు మాటల్లేవు. కావలసినవి తలుపుకి తగిలించిన పలక మీద రాసుకుంటారు. దేనికి మాట్లాడుకోవడం మానేశారో రచయిత్రి చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది. చెబితే, ఇంత చిన్నదానికా అని మనం నవ్వేవాళ్ళం. మాట్లాడుకోకుండానే ఒకరు పోతారని అంచనా. పోయింది. రెండో ఆవిడ ఆ పలక తుడవలేక, దాని వెనకవైపు రాసుకోవడం మొదలుపెడుతుంది. సరి. అంచనా సరి అయినప్పుడు కొంచెం గర్వంగా ఉండేది. ఈసారి లేదు.

రెండిట్లో కలిపి పన్నెండు మంది పోయారని టైలరుకి చెబితే, "ఈసారి మరీ ఎక్కువ టీచరమ్మా" అన్నాడు. మొత్తం 613. సరి 403, తప్పు 209.

మీ అమ్మది రెండు రోజుల జ్వరం. నేను పక్కనే ఉన్నాను. ఈ సంగతి నీకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. డాక్టరుకి అదే చెప్పు. వేళ్ళకి బలం లేదంటే వేళకి తినకపోవడమే కారణం.

కుట్లు వంకరగా ఉన్నాయి. తిట్టడం లేదు.

అమ్మమ్మ


బైండింగు గది
ఆగస్టు 2

అమ్మమ్మా,

రెండు రోజుల జ్వరం అని డాక్టరుకి చెప్పాను. "అయితే దీనికీ దానికీ సంబంధం లేదు" అని కాగితం మీద ఏదో కొట్టేశాడు. బలానికి మాత్రలు రాశాడు. నెలయింది. ఇప్పుడు ఎడమచెయ్యి కూడా మొదలైంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోంది. మేస్త్రి గారు నన్ను కుట్టు నుంచి తప్పించి జిగురు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. "అక్కడైతే కుంచె. పడేసినా గుచ్చుకోదు" అన్నారు.

ఈ ఉత్తరంతో ఒక పుస్తకం వస్తుంది. రిటైరయిన ఒక ఆసుపత్రి నర్సు రాసుకున్న ఆత్మకథ. సొంతంగా అచ్చు వేయించుకుందిట, పేరున్న పుస్తకం కాదు. అట్ట చిరిగి నా బల్ల మీదికి వచ్చింది. జిగురు ఆరేదాకా నాలుగు పేజీలు చూద్దామని తెరిచి మొత్తం చదివేశాను. ఆ రోజు ఇంకే పనీ చెయ్యలేదు.

నీకు కష్టంగా ఉండొచ్చు. అయినా చదువు. నీ పద్ధతి ప్రకారమే చదువు. ఆఖరి అధ్యాయం ముందు ఆగి, నీ అంచనా రాసి నాకు పంపు.

గుండుసూది


మేడ గది
ఆగస్టు 14

గుండుసూదికి,

నర్సు ఆత్మకథ అందింది. చదివాను. ఒక రోజు.

పుస్తకం మీద 224 పేజీలని ఉంది. నా చేతికి వచ్చినవి 208. ఆఖరి ఫారం, అంటే కలిపి కుట్టిన పదహారు పేజీల కట్ట, లేదు. చిరిగి పోలేదు. దారం కోసి, శుభ్రంగా విప్పి తీశారు. ఆ పని ఎవరు చేశారో నాకు తెలుసు. గ్రంథాలయం సొత్తుని పాడుచెయ్యడం నేను నీకు నేర్పలేదు.

పుస్తకం గురించి. నర్సు శిక్షణ నాటి సంగతులు బాగున్నాయి. మంచం మీది దుప్పటి మూలలు మడవడం గురించి రెండు పేజీలు రాసింది, ఒక్క మాట ఎక్కువ లేదు. పెద్ద డాక్టర్లని వేళాకోళం చేసిన చోట మాత్రం నోరు కాస్త ఎక్కువైంది. తొమ్మిదో అధ్యాయం అనవసరం. రోగుల సొంత విషయాలు అచ్చు వేయించే హక్కు నర్సుకి లేదు. రాని బంధువుల గురించి తీర్పులు చెప్పే హక్కు అసలే లేదు.

అంచనా వెయ్యడం లేదు. ఆఖరి అధ్యాయం లేని పుస్తకానికి అంచనా ఏమిటి?

అమ్మమ్మ


బైండింగు గది
ఆగస్టు 27

అమ్మమ్మా,

నువ్వు ఏ పుస్తకమూ ఒక్క రోజులో చదవలేదు. టైలరు ఏమన్నాడో రాయకుండా ఉత్తరమూ రాయలేదు. ఈసారి రెండూ చేశావు.

ఆ నర్సు రాని బంధువుల గురించి తీర్పు ఎక్కడ చెప్పింది? నేను నాలుగుసార్లు చదివాను. లేదు. ఉన్నది ఇది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఎత్తి రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువు.

"కిటికీ పక్కన ఏడో మంచం. ఇరవై ఏడేళ్ళ టైపిస్టు. మొదట వేళ్ళు పట్టు తప్పాయి, తర్వాత మోచేతులు. దగ్గర ఒక నవల ఉండేది. ఖాళీ దొరికితే చదివి వినిపించేదాన్ని. ఆఖరి అధ్యాయం రాగానే ఆపమంది. ఆ పేజీలన్నిటికీ కలిపి పిన్నీసు పెట్టించింది. 'ఇది మా అమ్మ వచ్చాకే సిస్టర్. ముందు ఇద్దరం అంచనాలు రాయాలి. చూసి రాస్తే మా ఇంట్లో ఒప్పుకోరు' అంది. వాళ్ళమ్మకి ఉత్తరం నా చేతే రాయించింది. చేతుల సంగతి కూడా రాయనా అని అడిగాను. 'వద్దు. మా అమ్మ లెక్కల టీచరు. కంగారుపడితే కూడికలు తప్పుతుంది' అని నవ్వింది. నేను రాయలేదు. రాయవలసింది. ఆ తర్వాత తలుపు వైపే తల తిప్పించుకుని పడుకునేది. పదకొండో రోజు నన్ను వేరే వార్డుకి మార్చారు."

చివరి అధ్యాయం ముందు ఆగి అంచనా రాసే లెక్కల టీచర్లు ఈ లోకంలో ఎంతమంది ఉంటారు అమ్మమ్మా?

రెండు రోజులు కాదు, పదకొండు. జ్వరం కాదు, చేతులు. నువ్వు పక్కన లేవు. నాకు కోపంగా ఉంది. కానీ కోపం కంటే ముందు నాకు ఆ జబ్బు పేరు కావాలి. డాక్టరుకి తప్పు చెప్పి నెల పోగొట్టుకున్నాను. నర్సుకి పేరు గుర్తులేదో, రాయకూడదనుకుందో, పుస్తకంలో లేదు. నీ దగ్గర ఉంటుంది. నువ్వు ఏ కాగితమూ పారెయ్యవు.

ఆఖరి ఫారం నా సొరుగులో ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. నువ్వు అంచనా రాస్తేనే చెబుతాను. చూసి రాస్తే మన ఇంట్లో ఒప్పుకోరు కదా.

గుండుసూది


మేడ గది
సెప్టెంబరు 5
(కార్డు)

ఉత్తరం అందింది. కాగితం వెతకాలి. అట్టపెట్టెలు పైన ఉన్నాయి. టైలరుని నిచ్చెన అడిగాను.

అమ్మమ్మ


మేడ గది
సెప్టెంబరు 19

గుండుసూదికి,

కాగితం దొరికింది. దీనితో జత చేస్తున్నాను. మీ అమ్మ పోయాక ఆసుపత్రి వాళ్ళు ఇచ్చింది. జబ్బు పేరు మూడో లైనులో ఉంది. ఏ రోజు ఏం జరిగిందో వెనకవైపు ఉంది. దీన్ని ముందు డాక్టరుకి చూపించి, ఆ తర్వాతే మిగతా ఉత్తరం చదువు.

పెట్టె దొరకడానికి ఒక్క రోజు పట్టింది. తెరవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులు కూడా నీ ఖాతాలోంచే పోయాయని నాకు తెలుసు.

మీ నాన్న పోయిన ఏడాదికి మీ అమ్మకి వేరే ఊళ్ళో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. నిన్ను నా దగ్గర వదిలి వెళ్తానంది. గుమ్మం దగ్గర పెట్టె పట్టుకుని నిలబడి ఉంటే, "నువ్వు తల్లివేనా?" అన్నాను. "నువ్వే కదమ్మా, మన కాళ్ళ మీద మనం నిలబడాలని చెప్పింది" అంది. "పిల్లని నా నెత్తిన పెట్టి నిలబడమని చెప్పలేదు" అన్నాను. నువ్వు నెత్తిన బరువుగా నాకు ఎప్పుడూ లేవు. గెలవడానికి అన్న మాట అది. ఐదు నెలలు ఉత్తరాలు లేవు.

తర్వాత ఒకటి వచ్చింది. 'ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రిలో ఉన్నాను, ఒకసారి రా' అని మూడు ముక్కలు. నేను ముందు చూసింది ఆ మాటల్ని కాదు. చేతిరాతని. అది మీ అమ్మ రాత కాదు. తన చేత్తో నాకు ఉత్తరం రాయడానికి మనసొప్పక, ఎవరి చేతో రాయించిందనుకున్నాను. అంత పంతమా అనుకున్నాను. తను రాస్తే వెళ్దాం అనుకున్నాను. వేల పేపర్లు దిద్దినదాన్ని. చేతిరాత చూసి మనిషిని చెప్పగలనని నా నమ్మకం. ఇంకొకరి రాత అంటే చెయ్యి లేవడం లేదని కూడా అర్థం కావచ్చని నాకు తట్టలేదు.

పన్నెండో రోజు పొద్దున స్కూలుకి ఫోను వచ్చింది. ఆ రోజు నుంచే నేను ఫోను ఎత్తను.

ఆ పదకొండు రోజుల్లో నేను ఏం చేశానో కూడా రిజిస్టరులో ఉంది. ఒక నవల చదివాను. 236వ పద్దు. 288 పేజీలు. అంచనా సరి. దాని కింద 237వ పద్దులో పుస్తకం పేరు గడిలో 'అమ్మాయి' అని ఉంది. ఆ ఉత్తరం వచ్చిన రోజే రాశాను. అంచనా గడిలో, 'పంతం తగ్గుతుంది. శనివారం లోపల తనే రాస్తుంది' అని ఉంది. ఫలితం గడి ఖాళీ. పదేళ్ళ పిల్లవి నువ్వు ఆ ఖాళీని పట్టుకుని నా ముందుకి వచ్చావు. నీ కూడిక ఆ రోజూ సరైనదే.

చేతుల సంగతి రాయొద్దని తనే అందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నర్సు పుస్తకంలోనే చదివాను. నేను కంగారుపడతానని దాచింది. నేనేమో కంగారుపడలేదు. ప్రశాంతంగా నవల చదువుకున్నాను.

గార్డు నాలుగు లైన్ల గురించి నీకు అంత గట్టిగా రాశానే, నావి రెండే లైన్లు. రెండు రోజుల జ్వరం, నేను పక్కనే ఉన్నాను. వాటి చుట్టూ ముప్పై ఏళ్ళు కాపలా కాశాను. ఆ కాపలాలో నీ చేతులు పోతాయని అనుకోలేదు.

అడిగావు కాబట్టి అంచనా: ఆఖరి అధ్యాయంలో నర్సుకి ఎవరో చెప్పి ఉంటారు. ఆ తల్లి పన్నెండో రోజు మధ్యాహ్నం వచ్చిందనీ, మంచం అప్పటికే ఖాళీ అనీ, ఏడవలేదనీ, బల్ల మీద పెట్టిన సామాను పద్నాలుగు వస్తువులూ లెక్క చూసి సంతకం పెట్టి వెళ్ళిందనీ రాస్తుంది. జరిగింది అదే.

పద్నాలుగింటిలో పిన్నీసు పెట్టిన నవల ఒకటి. పిన్నీసు ఎందుకుందో నాకు చూడగానే తెలిసింది. ఇప్పటిదాకా తియ్యలేదు.

అమ్మమ్మ


బైండింగు గది
అక్టోబరు 7

అమ్మమ్మా,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే మేస్త్రి గారు రాస్తున్నారు. కంగారుపడకు. పని ఎక్కువై చెయ్యి అలిసిపోయింది, అంతే.

(టీచరమ్మ గారికి నమస్కారం. నేను బైండింగు మేస్త్రిని. ఈ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయమంది. రాస్తున్నాను.)

కాగితం డాక్టరుకి చూపించాను. వెనకవైపు మూడుసార్లు చదివాడు. "ఇది మీరు జూన్‌లో తెచ్చి ఉంటే" అని ఆపేశాడు. ఆ వాక్యం నేనూ పూర్తి చెయ్యను. వైద్యం ఉందట. ఎంతవరకు వెనక్కి వస్తుందో చెప్పలేనన్నాడు. పద్నాలుగో తేదీ ఆసుపత్రిలో చేరమన్నాడు. ఎన్నాళ్ళు ఉండాలో ఇప్పుడే తెలియదట.

నీ అంచనా తప్పు అమ్మమ్మా. ఆఖరి అధ్యాయంలో నర్సు తన రిటైర్మెంటు గురించి రాసుకుంది. తాళాలు అప్పగించడం, పాత బూట్లు ఎవరికో ఇచ్చెయ్యడం. నువ్వు పన్నెండో రోజు వెళ్ళిన సంగతి ఆవిడకి తెలియదు. ఒక్కచోట మాత్రం ఇలా ఉంది. "ఏడో మంచం అమ్మాయి ఏమయిందో నేను అడగలేదు. అడిగితే వినవలసి వస్తుందని. వాళ్ళమ్మ సమయానికి వచ్చే ఉంటుంది. పిన్నీసు తీసి ఇద్దరూ చదువుకునే ఉంటారు. అలా అనుకునే ఈ ఉద్యోగం దిగిపోతున్నాను."

ఇది పంపితే నువ్వు తట్టుకోలేవేమోనని ముందు అనుకున్నాను. తట్టుకోలేకపోతే తట్టుకోలేకపో అని తర్వాత అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకుంటున్నానో నాకే తెలియడం లేదు. కోపం తీరలేదు. ఆ కోపంతోనే రోజూ రెండుసార్లు, నువ్వు టైలరుకి ఏం జవాబు చెప్పావో రాసి ఉంటావని పోస్టు చూస్తున్నాను.

నువ్వు రానక్కర్లేదు. బస్సు తొమ్మిది గంటలు. నీ మోకాళ్ళకి పడదు. ఇక్కడ అన్నీ చూసుకునేవాళ్ళు ఉన్నారు.

గుండుసూది

(అమ్మా, ఇక్కడి నుంచి నా సొంతం. ఆ పిల్ల మంచినీళ్ళకి వెళ్ళింది, ఇది రాస్తున్నట్టు తెలియదు. పని ఎక్కువై అలిసిందని చెప్పింది కదా, అబద్ధం. ఇక్కడ నెలరోజులుగా ఆమెకి పనే ఇవ్వడం లేదు. గ్లాసు రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకుని తాగుతోంది. రానక్కర్లేదన్నప్పుడు గోడవైపు తిరిగింది. ఆ నర్సమ్మ పుస్తకం నేనూ చదివాను. 'రాయవలసింది' అని ఆవిడ తర్వాత రాసుకుంది. నేను ముందే రాస్తున్నాను. రండి. చూసుకునేవాళ్ళు అంటే నేనొక్కణ్ణే. నాకు పుస్తకాలు చూసుకోవడమే వచ్చు.)


బస్టాండు, మూడో నంబరు బెంచీ
అక్టోబరు 11

గుండుసూదికి,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. నేనే తెచ్చి ఇస్తాను. బస్సు ఇంకా నలభై నిమిషాలు ఉంది. ఖాళీగా కూర్చోవడం చేతకాక రాస్తున్నాను.

నిన్న సాయంత్రం నీ కవరు వచ్చింది. పైన అడ్రసు వేరే చేతిరాతలో ఉంది. మెట్ల మీదే కూర్చుండిపోయాను. టైలరు మిషను ఆపి బయటికొచ్చాడు.

"ఏంటి టీచరమ్మా, ఇంకా విప్పనేలేదు. ఎవరు రాశారు?"

"తెలియదు. నా మనవరాలి రాత కాదు."

"మరి విప్పి చూడండి."

"చూస్తాను. ముందు పొద్దున బస్సు ఎన్నింటికో కనుక్కుని రా."

ఆ తర్వాతే విప్పాను. ఈ వరస గుర్తుపెట్టుకో. లోపల ఏముందో చదివి బయలుదేరలేదు నేను.

నేనేం చేస్తానో చూడాలని నువ్వు కావాలనే ఇంకొకరి చేత రాయించి ఉండొచ్చని కూడా ఒక్క క్షణం అనిపించింది. బుద్ధి ఎక్కడికి పోతుంది? పరీక్షే అయితే అయింది. ముప్పై ఏళ్ళు అందరికీ పరీక్షలు పెట్టినదాన్ని, ఒకటి రాస్తే అరిగిపోను.

టైలరు పొద్దున్నే సంచీ బస్టాండు దాకా మోసుకొచ్చాడు. "ఇన్ని పుస్తకాలా? ఇటుకలు మోసినట్టుంది" అని సణిగాడు. ఇన్ని కాదు, మూడే. నర్సు పుస్తకం, మీ అమ్మ నవల, రిజిస్టరు. మిగతా బరువు నా మందులది. అతనికి చెప్పలేదు.

మీ మేస్త్రికి నా తరఫున నమస్కారం చెప్పు. ఆయన రాత గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉంది. చేతిరాత చూసి మనిషిని అంచనా వెయ్యడం మానేశాను గానీ, ఈ ఒక్కదానికి మినహాయింపు.

నేను వస్తే నీ చేతులు బాగవుతాయని అనుకోవడం లేదు. నా మీద నీ కోపం తీరుతుందనీ అనుకోవడం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పోయిన రోజులు నేను పోగొట్టినవి. వాటికి ఏ గడీ లేదు. మీ అమ్మ మంచం పక్కన కూర్చోవలసినదాన్ని నీ మంచం పక్కన కూర్చుంటాను. ఒకదానికి ఇంకొకటి చెల్లదని నాకు తెలుసు. గ్లాసు పట్టుకోవడానికి మాత్రం పనికొస్తాను.

మీ అమ్మ నవల నీకు మొదటి నుంచి చదివి వినిపిస్తాను. ఆఖరి అధ్యాయం ముందు ఆగుదాం. నువ్వు నీ అంచనా చెప్పు, నేను రాస్తాను. పిన్నీసు బాగా తుప్పుపట్టింది, తీస్తే కాగితం చిరుగుతుందేమో. ఎలా తియ్యాలో నువ్వు చెబితే నేను తీస్తాను.

ఇందాక బెంచీ మీద రిజిస్టరు తెరిచాను. నర్సు పుస్తకం 614వ పద్దు. నా అంచనా తప్పింది, వేశాను. తర్వాత వెనక్కి తిప్పి 237 తీశాను. పక్కన కూర్చున్న ఆవిడ, "పెద్దమ్మగారూ, చెయ్యి వణుకుతోంది, నేను రాసిపెట్టనా?" అంది. వద్దన్నాను. అది నా చేత్తోనే రాయాలి. ఫలితం గడిలో 'తప్పు' అని రాశాను. అక్షరం కుడివైపు వాలింది.

మొత్తం 614. సరి 403. తప్పు 211. కూడి చూడు. ఇప్పుడు సరిపోతుంది.

అమ్మమ్మ